ఖాలా అడిగిన మష్వరా



పోయిన జుమా రోజు ఒంగోలు నుంచి మా చిన్న ఖాలా ఫోన్ చేశారు. ఖైరియత్ అడిగారు, పిల్లల చదువుల గురించి అడిగారు, ఆ తర్వాత అసలు మాటకొచ్చారు.

"బేటా, మా చిన్నదానికి నెల్లూరు నుంచి మంచి రిష్తా వచ్చింది. అబ్బాయి ఇంజినీరు. ఖాన్‌దాన్ మంచిది. వాళ్లకు పిల్ల నచ్చింది. ఒక్క మాటే అన్నారు, కళ్లజోడు లేకపోతే ఇంకా బాగుంటుందని. నువ్వు ఆపరేషన్ చేయించుకున్నావు కదా, మంచిదేనా? ఎక్కడ చేయించుకున్నావో చెప్పు, వచ్చే నెలలోనే చేయించేస్తాం."

ఆ మాట వినేటప్పటికి నా ఎడమ చేతిలో ఫోను, కుడి చేతిలో కంటి చుక్కల మందు ఉన్నాయి. ఆ రోజుకు అది ఐదోసారి వేసుకోవడం. ఆపరేషన్ జరిగి ఏడేళ్లయింది.

"రెండు రోజుల్లో చెప్తాను ఖాలా" అని పెట్టేశాను. "మంచిదే" అంటే సగం అబద్ధం. "వద్దు" అన్నా సగం అబద్ధమే. పూర్తి హకీకత్ ఫోనులో రెండు ముక్కల్లో చెప్పేది కాదు. ఇలాంటి ఫోను మీలో చాలామంది ఇళ్లకు వచ్చే ఉంటుంది, లేదా మీరే ఎవరికో చేసి ఉంటారు. అందుకే ఖాలాకు చెప్పిన జవాబు మీ అందరి ముందూ పెడుతున్నాను.

నాకు ఏడో తరగతిలో కళ్లజోడు వచ్చింది. డిగ్రీ అయ్యేసరికి రెండు కళ్లకూ సైటు మైనస్ ఐదు దాటింది. అద్దాలు నాకెప్పుడూ బరువనిపించలేదు. రిష్తాలు మొదలయ్యాకే బరువనిపించాయి. చూడటానికి వచ్చిన వాళ్ల ముందు అమ్మీ నా కళ్లజోడు తీయించేది. చాయ్ ట్రే పట్టుకుని, మసక మసగ్గా కనిపించే గదిలోకి నడిచి, ఎవరు అబ్బాయి తల్లో ఎవరు ఫుప్పో తెలియక అందరికీ కలిపి ఒక సలాం చెప్పేదాన్ని. తర్వాత కాంటాక్ట్ లెన్సులు కొనిచ్చారు. పెట్టుకున్న నాలుగు గంటలకే కళ్లలో మంట మొదలయ్యేది. నాకు లెన్సులు పెట్టుకోవడం చేతకాదనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను.

రిష్తా ఖరారైంది. షాదీ తారీఖు పెట్టారు, షాదీఖానా బుక్ అయింది. రెండు నెలల ముందు లాసిక్ చేయించాలన్నది పెద్దల ఫైసలా. ఆస్పత్రిలో ఒక కాగితం ఇచ్చారు. అందులో ఒక ప్రశ్న, కళ్లు పొడిగా, మంటగా అనిపిస్తుంటాయా అని. నేను "లేదు" దగ్గర టిక్కు పెట్టాను. "అవును" అంటే ఆపరేషన్ ఆపేస్తారేమో, అబ్బా కట్టిన అడ్వాన్సు, కుదిరిన తారీఖు అన్నీ నా వల్లే చెడిపోతాయేమో అని భయం. ఆస్పత్రి వాళ్ల లోపం గురించీ చెప్తాను, కానీ ముందు నా గల్తీ నేను కుబూల్ చేయాలి. ఆ టిక్కు అబద్ధం.

వాళ్లు కార్నియా మందం కొలిచారు, సైటు నంబరు తీశారు, కంటి వెనక రెటీనా చూశారు. కన్నీళ్లు మాత్రం కొలవలేదు. కన్నీళ్లు కొలిచే పరీక్ష ఒకటుందని నాకు అప్పుడు తెలియదు.

ఆపరేషన్ అరగంట కూడా పట్టలేదు. మర్నాడు ఫజర్‌కు లేచి, అలవాటుగా తలగడ పక్కన కళ్లజోడు కోసం చెయ్యి చాపాను. చాపి ఆగిపోయాను. గోడ మీద గడియారం ముల్లు కనిపిస్తోంది. కిటికీలోంచి మసీదు మినార్ మీద బల్బు చుట్టూ తిరిగే పురుగులు కూడా కనిపిస్తున్నాయి. సుబ్‌హానల్లాహ్ అని ఏడ్చేశాను. ఆ సంతోషం నిజం. ఈ రోజుకూ దానికి షుక్ర్ చేస్తాను. లాసిక్ మోసమని చెప్పడానికి నేనిది రాయడం లేదు.

కానీ మూడో వారం నుంచి ఇసుక మొదలైంది. రెప్పల కింద ఎవరో చిటికెడు ఇసుక పోసి మూసినట్టు. మధ్యాహ్నానికి మంట, సాయంత్రానికి కళ్లు లోపలికి లాగేయడం. మాది గుంటూరు. వేసవిలో మిర్చి యార్డు వైపు నుంచి గాలి వీస్తే అందరికీ కళ్లు చురుక్కుమంటాయి, నాకు కళ్లు తెరవబుద్ధయ్యేది కాదు. షాదీ అయి అత్తగారింటికి వెళ్లాక ఇంకో వింత. గాలి తగిలితే, వంటింట్లో బఘార్ పొగ వస్తే, ధారగా నీళ్లు కారేవి. దుపట్టా అంచుతో తుడుచుకుంటుంటే కోడలు పుట్టింటి మీద దిగులుతో ఏడుస్తోందనుకున్నారు. మా అత్తగారు మంచి మనిషి. రెండుసార్లు పక్కన కూర్చోబెట్టుకుని "ఏం తక్లీఫ్ బేటీ, మావాడేమన్నా అన్నాడా?" అని అడిగారు. "కళ్లు ఎండిపోతున్నాయి అమ్మీ" అన్నాను. ఆమె నా తడి చెంపల వైపు చూసి ఏమీ అనలేదు. నమ్మలేదని తెలిసింది.

నమ్మకపోవడంలో ఆమె తప్పు లేదు. నీళ్లు కారే కన్ను పొడి కన్ను ఎలా అవుతుంది? నాకూ ఇది అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. అర్థమైనంత వరకు చెప్తాను.

కన్నీరంటే ఉత్త నీళ్లు కాదు. కంటిని అంటిపెట్టుకునే జిగురు, మధ్యలో నీరు, పైన సన్నటి నూనె తెర, ఈ మూడూ కలిస్తేనే కన్నీటి పొర. నూనె తెర లేకపోతే నీరు నిమిషాల్లో కాదు, సెకన్లలో ఆరిపోతుంది. ఆ నూనెను రెప్పల అంచుల్లో వరసగా ఉండే చిన్న చిన్న గ్రంథులు తయారు చేస్తాయి. మైబోమియన్ గ్రంథులు అంటారు. కన్ను మరీ ఎండి మండినప్పుడు లోపలి గ్రంథి గాభరాపడి ఒక్కసారిగా నీళ్లు కుమ్మరిస్తుంది. ఆ నీళ్లు చెంపల మీదికి జారిపోతాయే తప్ప కంటి మీద నిలవవు. నాకు జరిగింది అదే.

ఇక లాసిక్‌కూ దీనికీ సంబంధం ఏమిటంటే, మన ఒంట్లో నరాలు బాగా దట్టంగా ఉండే చోట్లలో కార్నియా ఒకటి. నలుసు పడితే మనిషిని నిలబెట్టేసేది అందుకే. లాసిక్‌లో కార్నియా మీద పల్చటి పొరను మూతలాగా కోసి పైకి లేపి, లేజర్ కొట్టి, మళ్లీ మూసేస్తారు. ఆ కోతలో సన్నటి నరాలు తెగుతాయి. "కన్ను ఆరిపోతోంది, రెప్ప వెయ్యి, నీరు పంపు" అని ఖబర్ మోసేవి ఆ నరాలే. ఖబర్ అందకపోతే రెప్ప తక్కువ పడుతుంది, నీరు తక్కువ వస్తుంది. నరాలు మళ్లీ పెరుగుతాయి, కానీ నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఎక్కువమందికి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు తగ్గిపోతుంది. కొందరికి తగ్గదు. ఆపరేషన్‌కు ముందే పొడితనం ఉన్నవాళ్లకు ఆ ఖతరా ఎక్కువ. లెన్సులు పెట్టిన నాలుగు గంటలకే మండిన నా కళ్లు ముందే ఆ సంగతి చెప్పాయి. వినిపించుకున్నవాళ్లు లేరు, నాతో సహా.

అమెరికాలో ప్రభుత్వ ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ లాసిక్ చేయించుకున్నవాళ్ల మీద ప్రౌల్ పేరుతో అధ్యయనాలు జరిపించింది. ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. నూటికి 95 మందికి పైగా తమ చూపుతో తృప్తిగా ఉన్నామన్నారు. అవే అధ్యయనాల్లో, ఆపరేషన్‌కు ముందు పొడికళ్ల లక్షణాలు అసలు లేనివాళ్లలో 28 శాతం దాకా, మూడు నెలల తర్వాత ఆ లక్షణాలు ఉన్నాయని చెప్పారు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం. ఆస్పత్రి గోడ మీది పోస్టరు మొదటి మాటే చెబుతుంది. కోపంలో ఉన్న నాలాంటివాళ్లం రెండో మాటే చెబుతాం. ఆపరేషన్ బల్ల మీద పడుకోబోయే మనిషికి రెండూ తెలుసుకునే హక్ ఉంది.

నేను ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్లాను. ఆయన చార్టు చదివించారు. చివరి వరస దాకా గడగడా చదివాను. "6/6. ఇంతకంటే ఏం కావాలి? పొడితనం అందరికీ ఉంటుంది, అదే పోతుంది" అన్నారు. ఏడాదిన్నర తర్వాత కూడా అదే మాట. ఆయన లెక్కలో నా కళ్లు పాసయ్యాయి. ఇంటికొచ్చి గది చీకటి చేసుకుని కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నాను. అక్షరాలు కనిపించడం ఒకటి, కళ్లు తెరుచుకుని బతకగలగడం ఇంకొకటి. చార్టు మొదటిదాన్నే కొలుస్తుంది.

ఆ తర్వాత నేను చేసిన పని ఇంకా ఖతర్నాక్. మందుల షాపులో కళ్లు ఎర్రగా ఉన్నాయంటే ఒక చుక్కల సీసా ఇచ్చాడు. వేసిన రెండో రోజుకు హాయి. అయిపోతే మళ్లీ కొన్నాను. నాలుగు నెలలు అలా వాడాను. అందులో ఉన్నది స్టిరాయిడ్. డాక్టరు కనిపెట్టుకుని ఉండి కొద్ది రోజులు వాడిస్తే అది మంచి దవా. ఎవరూ చూడకుండా నెలల తరబడి వాడితే కంట్లో ప్రెషర్ పెరిగి గ్లకోమా రావచ్చు, శుక్లాలు రావచ్చు. గ్లకోమాతో పోయిన చూపు తిరిగి రాదు. అల్లాహ్ కరం, నాకు అంతదాకా రాలేదు. దయచేసి షాపతను ఇచ్చిన చుక్కలు కంట్లో వేసుకోకండి. పక్కింటి వాళ్ల సీసా అసలే వద్దు.

చివరికి విజయవాడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి మావారు తీసుకెళ్లారు. ఆమె మొదట చార్టు చదివించలేదు. "రోజులో ఏ టైముకు ఎక్కువ బాధ? ఫ్యాన్ కింద ఎలా ఉంటుంది? పొద్దున లేవగానే ఎలా ఉంటుంది?" అని అడిగారు. రెండేళ్లలో నన్ను ఆ ప్రశ్నలు అడిగిన మొదటి మనిషి ఆమె. తర్వాత కింది రెప్పకు సన్నటి కాగితం ముక్క తగిలించి ఐదు నిమిషాలు కళ్లు మూయించారు. షర్మర్ టెస్ట్ అంటారు. పది మిల్లీమీటర్ల పైన తడిస్తే ఫరవాలేదట, నాది నాలుగు తడిసింది. తర్వాత పసుపు రంగు చుక్క వేసి, రెప్ప వేయకుండా చూస్తుండమని, కన్నీటి పొర ఎన్ని సెకన్లకు చిట్లుతుందో లెక్కపెట్టారు. పది సెకన్లన్నా నిలవాలి, నాది నాలుగుకే చిట్లింది. రెప్ప అంచు నొక్కి చూస్తే నూనె రావాల్సిన చోట టూత్‌పేస్టులాంటి చిక్కటి ముద్ద వచ్చింది.

"నీది నఖ్రా కాదమ్మా, జబ్బు" అన్నారు ఆమె. ఆ ఒక్క మాటకు నేను ఎంత ఏడ్చానో మావారే షాహిద్.

ఇలాజ్ గురించి చెప్తాను, కానీ ఇది నా ఇలాజ్, మీది మీ డాక్టరు చెప్పాలి. పొడి కళ్లు అందరికీ ఒకే కారణంతో రావు. షుగరు, కీళ్లవాతం, అలర్జీ మాత్రలు, మొటిమలకు వాడే కొన్ని మాత్రలు కూడా కళ్లను ఎండబెడతాయి.

మొదటిది, చుక్కలు మార్చారు. మామూలు సీసాల్లో మందు చెడకుండా బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటివి కలుపుతారు. రోజుకు రెండు మూడుసార్లు వేసుకునేవాళ్లకు చెల్లుతుంది. ఆరేడుసార్లు వేసుకునేవాళ్లకు ఆ కలిపినదే కంటి పైపొరను గీరుతుంది. అది లేని చుక్కలు విడి గొట్టాల్లోనో ప్రత్యేకమైన సీసాల్లోనో వస్తాయి. ఖరీదెక్కువ, నిజమే. మంట వచ్చాక కాకుండా, రాకముందే గడియారం చూసి వేసుకోవడం నేర్పారు.

రెండోది, వేడి కాపడం. శుభ్రమైన గుడ్డ గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద పది నిమిషాలు. చల్లారితే మళ్లీ ముంచాలి. తర్వాత పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందినుంచి పైకి వేలితో మెల్లగా రాయాలి. గడ్డకట్టిన నూనె కరిగి బయటికొస్తుంది. రోజూ ఇషా తర్వాత నా డ్యూటీ ఇది. చూడటానికి దాదీమా చిట్కాలా ఉంటుంది, కానీ నాకు ఎక్కువ మేలు చేసింది ఇదే. వారం మానేస్తే తేడా తెలిసిపోతుంది.

మూడోది, సైక్లోస్పోరిన్ చుక్కలు. కంటి పైపొర వాపును తగ్గించే దవా. మొదట్లో భగ్గుమంటుంది. పనిచేయడం కనిపించడానికి నెలలు పడుతుంది. చాలామంది రెండు వారాలకే మానేసి "పనిచేయలేదు" అంటారు. నేనూ మానేయబోయాను, డాక్టరమ్మ కోప్పడ్డారు. తర్వాత కన్నీరు ముక్కులోకి దిగిపోయే చిన్న రంధ్రాలకు బిరడాలు పెట్టారు. ఉన్న కొద్ది నీరూ కంట్లో నిలుస్తుంది.

ఇంట్లో మార్చుకున్నవి ఇంకొన్ని. ఫ్యాన్ గాలి, కూలర్ గాలి, ఏసీ గాలి ముఖానికి సూటిగా తగలకుండా మంచం జరిపాం. బస్సులో కిటికీ పక్కన కూర్చోను. ఫోన్ చూసేటప్పుడు మనం రెప్ప వేయడం సగానికి సగం మర్చిపోతాం, వేసినా సగమే మూస్తాం. అందుకే స్క్రీన్ ముందు ప్రతి పది నిమిషాలకొకసారి రెండు కళ్లూ పూర్తిగా మూసి తెరుస్తాను. జుమేరాత్ సాయంత్రం లోబాన్ వేస్తే ఆ గదిలో ఉండను. నఖాబ్ పై అంచు వదులుగా ఉంటే ఊపిరి పైకి తన్ని కళ్లను ఆరబెడుతోందని గమనించి, ముక్కు దగ్గర బిగువుగా కట్టుకుంటున్నాను. సుర్మా మానేశాను. ఈ మాటకు కొందరు పెద్దలు నొచ్చుకోవచ్చు. కానీ బజారులో అమ్మే చాలా సుర్మాల్లో సీసం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. పిల్లల కళ్లకు కూడా పెట్టకండి.

ఫజర్ వేళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాత్రంతా ఎండిన కంటికి రెప్ప అతుక్కుని ఉంటుంది. అలారం మోగగానే చటుక్కున కళ్లు తెరిస్తే పైపొర చిరిగినంత నొప్పి. ఇప్పుడు పడుకునే ముందు చిక్కటి జెల్ వేసుకుంటాను. లేవగానే కళ్లు మూసుకునే కనుగుడ్లను అటూ ఇటూ తిప్పుతాను, రెప్ప సందులో చుక్క వేసుకుని, అప్పుడు మెల్లగా తెరుస్తాను.

ఇంత చేసినా నూటికి నూరు తగ్గలేదు. ఒకప్పుడు పదికి తొమ్మిది ఉన్న బాధ ఇప్పుడు మూడు. మిర్చి సీజన్లో ఐదవుతుంది. కొందరికి పరీక్షల్లో కన్ను బాగానే కనిపిస్తుంది, కానీ నొప్పి పోదు. తెగిన నరాలు సరిగా అతుక్కోక అవే నొప్పి పుట్టిస్తాయి. దానికి వైద్యం వేరు, మామూలు చుక్కలతో తగ్గదు. అలాంటివాళ్లను "పరీక్షలన్నీ బాగున్నాయిగా" అని పంపేయడం జుల్మ్.

ఇప్పుడు అసలు నేను చెప్పదలచుకున్నది.

ఆ రెండేళ్లలో నాకు ఎక్కువగా వినిపించిన మాట "సబర్ చెయ్యి". అమ్మీ అంది, ఫుప్పు అంది, సాటి కోడళ్లు అన్నారు. అందరూ ముహబ్బత్‌తోనే అన్నారు. కానీ మన ఇళ్లలో, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, సబర్ అనే మాటను "నోరు మూసుకో" అనే చోట వాడుతున్నాం. సబర్ అంటే ఇలాజ్ మానుకోవడం కాదు. ఇలాజ్ చేయించుకోవడం మన దీన్ నేర్పిన పనే. సైక్లోస్పోరిన్ మంటను ఆరు నెలలు ఓర్చుకోవడం సబర్. రోజూ పది నిమిషాలు కాపడం పెట్టుకోవడం సబర్. డాక్టరు దగ్గరికి వెళ్లకుండా చీకటి గదిలో కూర్చోవడం సబర్ కాదు, గఫ్లత్.

ఇంకో గఫ్లత్ కూడా చెప్పాలి. షాదీ తర్వాత మొదటి రంజాన్‌లో చుక్కలు వేస్తే రోజా పోతుందేమోనని సహర్ నుంచి మగ్రిబ్ దాకా వేసుకోలేదు. చుక్క వేస్తే కాసేపటికి గొంతులో చేదు తగులుతుంది కదా, అదీ నా షక్. నెల తిరిగేసరికి కళ్లు పుండ్లయ్యాయి. ఆ తర్వాతి ఏడాది మా ముఫ్తీ సాబ్‌ను అడిగితే, హనఫీ ఫిఖ్హ్ ప్రకారం కంట్లో వేసే మందుతో రోజా పోదని, గొంతులో రుచి తెలిసినా పోదని చెప్పారు. ఒక్క ప్రశ్న అడగని నేరానికి ఒక నెల కళ్లను ఎండగట్టుకున్నాను. మీ మస్లక్ ఏదైనా, మీ ఆలిమ్‌ను ముందే అడిగి తెలుసుకోండి. రంజాన్ వచ్చాక కాదు, షాబాన్‌లోనే.

ఇక రిష్తాల సంగతి. కళ్లు అల్లాహ్ ఇచ్చిన అమానత్ అని మనమే అంటాం. ఎవరి అమానత్? ఆ పిల్లది. ఆపరేషన్ చేయించుకోవడం తప్పు కాదు, హాయిగా బతుకుతున్నవాళ్లు నాకు పదిమంది తెలుసు. తన కోసం, తన సుకూన్ కోసం, అన్నీ తెలుసుకుని ఒక అమ్మాయి చేయించుకుంటే ముబారక్. కానీ పెళ్లివాళ్లు చాయ్ తాగుతూ అన్న ఒక్క మాటకు, షాదీ తారీఖుకు వెనక్కి లెక్కపెట్టి ఆపరేషన్ రోజు నిర్ణయిస్తే, ఆ కాగితం మీద పిల్ల నిజం రాయగలదా? నేను రాయలేకపోయాను. కట్నం అడగడం తప్పని ఇప్పుడు కనీసం నోటితోనైనా అంటున్నాం. ఒక పిల్ల కార్నియా కోసి రమ్మనడం అంతకంటే చిన్న ఫర్మాయిష్ కాదు.

ఖాలాకు ఆదివారం ఫోన్ చేశాను. ఇదంతా చెప్పలేదు, నాలుగు మాటలు చెప్పాను.

ఒకటి, ముందు కన్నీళ్లు కొలిచే పరీక్షలు చేయించండి. కన్నీటి పొర, రెప్పల గ్రంథులు చూడమని మనమే అడగాలి. పొడితనం ఉంటే ముందు దానికి ఇలాజ్, తర్వాతే ఆపరేషన్ మాట. అసలు వద్దని డాక్టరు అంటే, అలా అన్నందుకు ఆయనకు షుక్రియా చెప్పండి.

రెండు, లాసిక్ ఒక్కటే దారి కాదు. మూత కోయని పద్ధతులున్నాయి, చిన్న కోతతో చేసే స్మైల్ ఉంది. ఏది ఎవరి కంటికి సరిపోతుందో అడగండి. ఏ పద్ధతిలోనైనా పొడితనం రాదని హామీ ఇచ్చేవాళ్లను నమ్మకండి.

మూడు, షాదీ తారీఖుకూ ఆపరేషన్‌కూ ముడిపెట్టకండి. షాదీ ముందు చేయించినా తర్వాత చేయించినా, కోలుకోవడానికి కనీసం ఆరు నెలలు వదలండి. రాత్రంతా మెలకువలు, మేకప్, లైట్లు, ధూళి, ఇవేవీ కొత్త గాయానికి మంచివి కాదు.

నాలుగు, పిల్లను అడిగారా?

నాలుగో మాటకు ఖాలా కాసేపు మాట్లాడలేదు. "దాన్ని అడగడానికేముంది బేటా, దాని మంచికే కదా" అన్నారు. ఆమె గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. మా అమ్మీ కూడా ఏడేళ్ల కిందట నన్ను అడగలేదు. అడగాలని ఎవరికీ తట్టలేదంతే.

ఆ రాత్రి పదకొండింటికి చిన్నదే ఫోన్ చేసింది. "ఆపా, ఒక మాట అడగనా? లెన్సులు పెట్టుకుంటే మధ్యాహ్నానికల్లా నాకు కళ్లు మండుతాయి. అమ్మీతో చెప్పలేదు. చెప్తే రిష్తా పోతుందేమోనని."

నేను ఒక నిమిషం ఏమీ మాట్లాడలేకపోయాను. తర్వాత "రేపు పొద్దున్నే అమ్మీతో చెప్పు. నువ్వు చెప్పలేకపోతే నేను చెప్తాను" అన్నాను. అది చెప్పింది. వచ్చే వారం పరీక్షలకు వెళ్తున్నారు. నెల్లూరు వాళ్లకు ఖాలా ఫోన్ చేసి, పిల్ల ప్రస్తుతానికి కళ్లజోడుతోనే ఉంటుందన్నారట. వాళ్లు ఆలోచించి చెప్తామన్నారు. ఏం చెప్తారో తెలియదు. మంచివాళ్లయితే మంచి మాటే చెప్తారు. కాదన్నా, ఆ పిల్ల కళ్లు దాని దగ్గరే ఉంటాయి.

మీ ఇంట్లో ఎవరైనా కళ్లు మండుతున్నాయంటే, ముందు నమ్మండి. కంట్లో ఎర్రదనం కనిపించినా కనిపించకపోయినా, నీళ్లు కారినా కారకపోయినా నమ్మండి. తర్వాత మంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ తర్వాత దువా చేయండి. మా చిన్నదాని కోసం, నాకోసం కూడా.

అల్లాహ్ అందరికీ షిఫా ఇవ్వాలి. ఆమీన్.